షరతు లేని ప్రేమ – పెద్ద కుమారుని ప్రశ్న

సర్వమత సభలలో వక్తలు తరచుగా చెప్పే మాట ఒకటి ఉన్నది: మతాలన్నీ ఒకే సంగతిని బోధిస్తున్నాయని. వినడానికి ఇంపైన ఈ మాట మాకెన్నడూ రుచించలేదు. పొరుగువాని విశ్వాసం ఏమి చెబుతున్నదో చదువకుండానే, అది మన విశ్వాసం వంటిదేనని తీర్మానించడం మర్యాద ముసుగు వేసుకొన్న అనాదరణ. దేవుని ప్రేమకు షరతులు లేవని క్రైస్తవులంటారు. ఆ మాటకు అర్థమేమిటో ముస్లిములమైన మేము వారి గ్రంథంలోనే చూడదలచి, లూకా సువార్త 15వ అధ్యాయాన్ని ఎన్నుకొన్నాము.

‘షరతులు లేని’ అన్న విశేషణం బైబిలులో ఎక్కడా లేదు. అంతేకాదు, తప్పిపోయిన కుమారుని కథలో ప్రేమ అనే పదం గాని, క్షమ అనే పదం గాని ఒక్కసారైనా రాదు. (ఇటువంటి లెక్కలు వేసే అలవాటు అధ్యాపకులను వదలదు.) తండ్రి కనికరపడ్డాడని మాత్రమే ఉన్నది. తక్కినదంతా అతని కాళ్ళూ చేతులూ చెబుతాయి.

తండ్రి బ్రతికి ఉండగానే చిన్నవాడు తన పాలు పంచి ఇమ్మన్నాడు. అట్టి కోరిక తండ్రి చావును కోరడంతో సమానమని మన పల్లెలలో ఎవరినడిగినా చెబుతారు. తీసుకొన్నదంతా దూరదేశంలో దుబారా చేసి, కరువు రాగా పందులను మేపే పనికి దిగజారాడు. యూదునికి అది ఎంతటి పతనమో మా పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. అప్పుడు బుద్ధి తెచ్చుకొని, తండ్రి ఎదుట చెప్పవలసిన మాటలను ముందుగానే కూర్చుకొన్నాడు. పాపం చేశాననడం మొదటిది. కుమారుడననిపించుకొనే యోగ్యత లేదనడం రెండవది. కూలివానిగా పెట్టుకొమ్మనడం మూడవది. ఈ మూడవది పైకి వినయమే గాని, లోపల ఒక ఒప్పందం. పని చేస్తాను, అన్నం పెట్టమని. అంటే షరతును మోసుకొని వచ్చినవాడు తండ్రి కాడు, కుమారుడు.

తండ్రి దూరాన్నుండే చూచి పరుగెత్తాడు. పెద్దమనిషి అనిపించుకొన్నవాడు వీథిలో పరుగెత్తడు, ఈయన పరుగెత్తాడు. కౌగిలిలో ఉన్న కుమారుడు తాను కూర్చుకొన్న మాటలలో మొదటి రెండూ చెప్పాడు. మూడవది నోట వెలువడక మునుపే తండ్రి దాసులవైపు తిరిగి వస్త్రమూ, ఉంగరమూ, చెప్పులూ తెమ్మన్నాడు. షరతు లేకపోవడమంటే మాకు బోధపడినంతవరకు ఇదే: తప్పు ఒప్పుకోలును విన్నాడు, బేరాన్ని విననేలేదు.

అయితే ఈ కథను యేసు చెప్పినది చిన్న కుమారుని వంటివారిని ఉద్దేశించి కాదు. తాను సుంకరులతోనూ పాపులతోనూ భోజనం చేస్తున్నందుకు సణిగిన పరిసయ్యులకూ శాస్త్రులకూ చెప్పాడు. పెద్ద కుమారుడు వారి ప్రతిబింబం. అతని కోపాన్ని మేము తేలికగా త్రోసివేయలేము. పంపకం ముగిసినది. మోషే ధర్మశాస్త్రం ప్రకారం జ్యేష్ఠునికి రెండు పాళ్ళు. ఇంటనున్నదంతా ఇక అతనికి రావలసినదే. ఆ లెక్కన విందుకు వధించిన క్రొవ్విన దూడ కూడా అతని పాలులోనిదే! తనకైతే స్నేహితులతో సంతోషించడానికి ఒక మేకపిల్లయినా దక్కలేదు. తమ్ముడనే మాట అతని నోట రాదు, నీ కొడుకని తండ్రితో అంటాడు. తండ్రి ఆ మాటను సరిదిద్ది, వచ్చినవాడు నీ తమ్ముడని జ్ఞాపకం చేస్తాడు.

ప్రేమకు షరతు లేకుంటే నీతికి విలువ ఏమి? ఈ ప్రశ్నను క్రైస్తవులు కూడా దాటవేయలేదు. జర్మనీ దేశస్థుడైన డీట్రిక్ బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథంలో, పశ్చాత్తాపాన్నీ శిష్యరికాన్నీ కోరని కృపను చౌకబారు కృప అని నిందించాడు. హిట్లరును ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కిన ఆయనకు ఆ మాట అనే అర్హత ఉన్నది.

ఇక మా సంగతి. ఖుర్ఆన్‌లోని 114 సూరాలలో 113 సూరాలు దైవాన్ని రహ్మాన్, రహీమ్ అని స్మరించి ఆరంభమవుతాయి. మిక్కిలి ప్రేమించువాడనే అర్థం గల ‘వదూద్’ ఆయన నామాలలో ఒకటి. ఎడారిలో తప్పిపోయిన ఒంటె తిరిగి దొరికినవాని ఆనందం కంటె, దాసుని తౌబా చూచి అల్లాహ్ పొందే ఆనందం అధికమని హదీసు తెలుపుతుంది. లూకా చెప్పిన తప్పిపోయిన గొర్రె కథకు ఇది ఎంత సమీపమో! ఐనా భేదమున్నది. అల్లాహ్ ఎవరిని ప్రేమిస్తాడో, ఎవరిని ప్రేమించడో ఖుర్ఆన్ విడివిడిగా పేర్కొంటుంది. ఆయన కారుణ్యం మాత్రం సమస్తాన్నీ ఆవరించి ఉన్నదంటుంది. మనుష్యులింకా పాపులై ఉండగానే క్రీస్తు వారికై మరణించాడనీ, దైవప్రేమకు అదే ఋజువనీ పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో అంటాడు. ఆ సిలువ దగ్గర మా త్రోవ వేరవుతుంది. దీనిని దాచి స్నేహం నటించడం మాకిష్టం లేదు.

త్రోవ వేరైనా ఆ తండ్రి పరుగు మమ్ము వెంటాడుతూనే ఉన్నది. కొంతకాలం క్రిందట ఒక విద్యార్థి ఫీజు డబ్బు వాడుకొని, రెండు నెలలు తరగతికి రాక, పరీక్షల ముందు తిరిగి వచ్చాడు. క్షమాపణ పత్రం వ్రాసి తెమ్మన్నాము. తెచ్చాడు. అందరి ఎదుట చదువుమన్నాము. సగంలో అతని గొంతు పూడుకుపోయినది. చాలునని మేము అనవచ్చును, అనలేదు. ఆసాంతం చదివించి, సంతకం సరిచూచి, ఫైలులో పెట్టాము. క్రమం తప్పక వచ్చేవారికి అన్యాయం జరుగరాదని ఆనాడు మాకు మేము చెప్పుకొన్న సమాధానం.

పెద్ద కుమారుడు చివరికి విందులోనికి వెళ్ళాడో లేదో లూకా వ్రాయలేదు. మా తరగతిలో మాత్రం, ఒక్కరోజైనా మానకుండా ముందు బెంచీలో కూర్చునే విద్యార్థి గంట కొట్టగానే లేచి వెనుక బెంచీకి వెళ్ళాడు. రెండు నెలల నోట్సు అతని చేతిలో పెట్టి, ప్రక్కన జరుగుమని చెప్పి కూర్చున్నాడు.