పంట మీద అప్పు, ఆటగాడి మీద వాటా

నరసరావుపేట: మిరప నారు పోసే రోజుల్లో పెట్టుబడికి డబ్బు తెచ్చుకున్న రైతు, కోత అయ్యాక సరుకు ఏ కొట్టుకు వేయాలో తానుగా నిర్ణయించుకోలేడు. అప్పిచ్చిన కొట్టులోనే టిక్కీలు దిగాలి. కాటా అక్కడే, కమీషన్ అక్కడే, వడ్డీ కోత అక్కడే. పక్క కొట్టులో నాలుగు రాళ్లు ఎక్కువ వచ్చేటట్టున్నా మాట సాగదు. పల్నాడు వ్యాపార వర్గాలకు ఇది కొత్త సంగతి కాదు. కాగా, ఇంచుమించు ఇదే పద్ధతి ఫుట్‌బాల్ ఆటగాళ్ల విషయంలో చాలా దేశాల్లో నడిచిందనీ, చివరకు దానిని నిషేధించవలసి వచ్చిందనీ గమనించినవారు తక్కువ.

పద్ధతి సులువైనదే. ఆటగాడిని కొనే స్తోమతు క్లబ్బుకు ఉండదు. బయటి పెట్టుబడిదారు కొంత సొమ్ము పెట్టి, ఆ ఆటగాడిని రేపు మరో క్లబ్బుకు ఇచ్చినప్పుడు వచ్చే పైకంలో వాటా రాయించుకుంటాడు. ఆటగాడి పేరు క్లబ్బు పుస్తకాల్లో ఉంటుంది. అతని రేపటి ధర బయటివాడి పుస్తకాల్లో ఉంటుంది. దీనికే మూడో పక్షపు యాజమాన్యం అని పేరు.

లెక్క ఎలా తేలుతుందో చూడడానికి పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్ ఉదంతం చాలు. 2012లో మార్కోస్ రోహో అనే అర్జెంటీనా ఆటగాడిని అది 40 లక్షల యూరోలకు తెచ్చుకున్నది. అందులో 30 లక్షలు డోయెన్ అనే పెట్టుబడి సంస్థ పెట్టి, 75 శాతం వాటా రాయించుకున్నది. 2014లో అతడు 2 కోట్ల యూరోలకు మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు. ఒప్పందం చెల్లదనీ, పెట్టిన సొమ్ము మేరకే ఇస్తామనీ స్పోర్టింగ్ అడ్డం తిరిగింది. క్రీడా వివాదాల మధ్యవర్తి న్యాయస్థానం 2015 డిసెంబరులో డోయెన్ పక్షానే తీర్పు చెప్పి, సుమారు 1 కోటి 20 లక్షల యూరోలు కట్టమన్నది. సంతకం సంతకమే. ధర పెరిగాక కాగితం చెల్లదనడం ఏ మార్కెట్‌లోనూ నిలవదు.

పంట పోతే అప్పిచ్చినవాడికీ నష్టమే కదా, లాభంలో వాటా అడిగితే తప్పేమిటని కొందరి వాదన. ఆ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. ఆటగాడి మోకాలు విరిగితే పెట్టుబడి మునిగే మాట నిజమే. అయితే లాభనష్టాల్లో పాలు పంచుకోవడం వేరు, ఎప్పుడు అమ్మాలో, ఎవరికి అమ్మాలో చెప్పే అధికారం చేజిక్కించుకోవడం వేరు. డోయెన్‌తో చేసుకున్న ఒప్పందంలో కొంత భాగాన్ని దాచిపెట్టినందుకు నెదర్లాండ్స్ క్లబ్బు ట్వెంటేను ఆ దేశపు సంఘం 2015లో మూడేళ్లపాటు యూరప్ పోటీలకు దూరం చేసింది. అంతకుముందే, టెవెజ్, మాస్చెరానో ఒప్పందాల విషయంలో ఇంగ్లండ్‌లో వెస్ట్‌హామ్ క్లబ్బుకు 2007లో 55 లక్షల పౌండ్ల జరిమానా పడింది. అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా 2015 మే 1 నుంచి ఈ వాటాలను పూర్తిగా నిషేధించింది.

మన దేశంలో వాటాల తగాదా కాకపోయినా, ఆటగాడు ఎవరివాడన్న తగాదా 2024లో బజారున పడింది. ఢిల్లీ ఎఫ్‌సీ నుంచి నాలుగేళ్ల అరువు మీద మోహన్ బగాన్‌కు వచ్చిన అన్వర్ అలీ ఆ ఒప్పందం రద్దు చేసుకుని ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అఖిల భారత సమాఖ్య కమిటీ సెప్టెంబరులో అతనికి నాలుగు నెలల నిషేధం, ఈస్ట్ బెంగాల్, ఢిల్లీ క్లబ్బులతో సహా 12 కోట్ల 90 లక్షల రూపాయల నష్టపరిహారం విధించింది. విషయం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లగా కొద్ది రోజుల్లోనే ఆ ఉత్తర్వు వెనక్కు పోయింది. ఏడాదికి మించి అరువు ఇవ్వరాదని ఫిఫా నిబంధన ఉండగా నాలుగేళ్ల కాగితం రాసుకోవడమే తగాదాకు విత్తనం అని చెప్పక తప్పదు.

పోతే, పెట్టుబడి కరువైతే ఏమవుతుందో హైదరాబాద్ ఎఫ్‌సీ చూపింది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టు, రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిల్లో పడింది. ఆటగాళ్లు తలోదారీ పట్టారు. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది. రహీం సాబ్ శిక్షణలో దేశానికి ఆటగాళ్లను పంపిన నగరానికి మిగిలింది జ్ఞాపకమే.

పల్నాడు నేర్చుకోవలసినది ఇక్కడే ఉన్నది. నిషేధం వాటాను ఆపగలదు గాని అవసరాన్ని ఆపలేదు. బ్యాంకు తలుపు తీయనంతకాలం కౌలు రైతు కొట్టు తలుపే తడతాడు. 2019 నాటి సాగుదార్ల హక్కుల చట్టం కార్డు ఇస్తామన్నది గాని, దానికి భూయజమాని సమ్మతి కావాలన్నది. ఆ సమ్మతి దొరకనివారే ఎక్కువ అవసరంలో ఉన్నవారు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్య ధర ప్రకటించినప్పుడు ఆగి చూడగలిగింది ఎవరు? అప్పు లేనివారే.

అప్పిచ్చినవారికి అసలు, న్యాయమైన వడ్డీ ముట్టాలి. అందులో రెండో మాట లేదు. అయితే సరుకు మీద వారికి ఉండవలసింది బాకీ హక్కే గాని పెత్తనం కాదు. బాకీ చీటీ రెండు ప్రతులుగా ఉండి, ఒకటి రైతు చేతిలో ఉండాలి. ఏ కొట్టుకైనా వేసుకుని బాకీ తీర్చుకునే వీలు అందులో రాసి ఉండాలి. యార్డు కమిటీలు ఈ ఒక్క నిబంధన అమలు జరిపినా సగం తగాదా తగ్గుతుంది. ఫుట్‌బాల్‌లో ఆటగాడు నోరు విప్పి నేను వెళ్తానని చెప్పగలడు. మిరప టిక్కీ చెప్పలేదు. దాని తరఫున చెప్పవలసింది రైతే. ఆ మాట చెల్లేటట్టు చూడవలసింది మార్కెట్.