క్లబ్బులును, దేశపు పిలుపును

పిల్లవానిని పెంచినవారికి వానిపై హక్కు గలదు. ఆ హక్కునకు మేర యెక్కడ? కొంతకాలముగ మన దేశపు ఫుట్‌బాలు రంగమును కలచుచున్న ప్రశ్న యిదియే. దేశపు జట్టునకై శిక్షణశిబిరము నేర్పఱచి, అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్యవారు కొందఱు యువకుల పేళ్లు ప్రకటింతురు. ఆ యువకులకు జీతమిచ్చు క్లబ్బులు తమ పోటీలు ముంగిట నున్నవనియు, ఇప్పుడు పంపజాలమనియు ప్రత్యుత్తర మిచ్చును. ఇరుపక్షముల వారును పత్రికలకెక్కి వాదింతురు. ఈ వాదముల నడుమ నలిగిపోవువాడు పంతొమ్మిది యిరువదేండ్ల కుఱ్ఱవాడు. వాని నెవరును అడుగరు.

చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున 2023 సెప్టెంబరులో జరిగిన ఆసియా క్రీడల వృత్తాంతమును మా పాఠకులు మఱచియుండరు. ఆ ఫుట్‌బాలు పోటీ ప్రధానముగ యువకులది. ఇరువదినాలుగేండ్లు మించినవారికి ఒక్కొక జట్టున మూడు స్థానములు మాత్రమే యుండెను. మన సమాఖ్య మొదట ప్రకటించిన యువకులలో పెక్కురను పంపుటకు క్లబ్బులు సమ్మతింపలేదు. ఐ.ఎస్.ఎల్. పోటీలు సెప్టెంబరు 21న ఆరంభము కానుండెను. తుదకు దొరకినవారిని కూర్చుకొని జట్టు బయలుదేఱవలసి వచ్చెను. సెప్టెంబరు 18 సాయంకాలమున హాంగ్‌ఝౌ చేరినవారు మఱునాడే చైనా జట్టు నెదుర్కొనిరి. కలిసి సాధన చేయుటకు వ్యవధి లేదు. ప్రయాణపు బడలిక తీరుటకును వ్యవధి లేదు. అయినను రాహుల్ చేసిన గోలుతో మొదటిసగము 1-1గా ముగిసినది. రెండవ సగమున కాళ్లు మొరాయించినవి. ఆట ముగియునప్పటికి 1-5తో మనవారు ఓడిరి. యువకుల పోటీలో ఆ జట్టునకు పెద్దదిక్కుగా నిలిచినవాడు ముప్పదితొమ్మిదేండ్ల సునీల్ ఛేత్రి. ఆయన నిలిచినందులకు సంతసింపవలెనా, ఆయన నిలువవలసి వచ్చినందులకు చింతింపవలెనా?

ఆనాడు ఆ పిల్లలు చేతకాక ఓడిరని మేమనము. తరువాత బంగ్లాదేశ్‌ను 1-0తో గెలిచి, మయన్మార్‌తో 1-1గా సరిసమానముగ నాడి, తదుపరి ఘట్టమునకు చేరినవారు వారే. సౌదీ అరేబియా చేతిలో 0-2తో ఓడి యింటికి వచ్చిరి. ఒక మాసము ముందుగా వారందఱును ఒక్కచోట జేరి సాధన చేసియుండిన ఫలమెట్లుండెడిదో యెవరును చెప్పలేరు. చెప్పలేని స్థితి కలిగించుటయే అపరాధము.

క్లబ్బుల వాదమును న్యాయముగ వినవలెను. క్లబ్బు వారు యువకునికి ఏడాది పొడుగున జీతమిత్తురు. తిండి, వసతి, వైద్యము, శిక్షకుడు, మైదానము అన్నియు వారివే. శిబిరమునకు బోయి మోకాలు విఱుగగొట్టుకొని వచ్చినచో ఆ నష్టము క్లబ్బునకే. చట్టము కూడ కొంతవఱకు వారి పక్షముననే యున్నది. ప్రపంచ ఫుట్‌బాలు సంస్థయగు ఫిఫా నిబంధనల ప్రకారము, ముందుగ నిర్ణయించిన అంతర్జాతీయ దినములలో దేశపు జట్టునకు ఆటగాండ్రను పంపుట క్లబ్బులకు విధి. ఆ దినములకు వెలుపల దీర్ఘశిబిరములకు పంపవలెనను నిర్బంధము లేదు. 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడల ముందు ఈ తగవే లోకమంతట మ్రోగినది. అర్జెంటీనా జట్టునకై మెస్సీని పంపవలసిన పనిలేదని బార్సిలోనా క్లబ్బు వాదింపగా, క్రీడావివాదముల న్యాయస్థానము ఆ యేడు ఆగస్టులో క్లబ్బుల పక్షముననే తీర్పు చెప్పెను. అయినను తీర్పు గెలిచిన బార్సిలోనా ఇరువదియొక్క యేండ్ల ఆ యువకుని బీజింగులోనే ఆడనిచ్చినది. ఆనాడు ఆ క్లబ్బునకు శిక్షకుడుగ నున్న గ్వార్డియోలా, 1992లో స్పెయిన్ దేశమునకు ఒలింపిక్ స్వర్ణము తెచ్చిన జట్టులో తానును ఒకడు. మెస్సీ స్వర్ణపతకముతో తిరిగి వచ్చెను. అందువలన బార్సిలోనాకు ఏమి లోటు కలిగినది? హక్కు గలిగియు దానిని పట్టుకొని వ్రేలాడకుండుట కొన్నియెడల లాభమే యగును.

మా మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతులకు ఈ విషయము వేఱుగ బోధింపవలసిన పనిలేదు. తిరునాళ్లలో బండలాగుడు పందెములు చూడని వారిచట లేరు. ఎద్దులను కన్నబిడ్డలవలె మేపిన రైతు, వానిని పందెమునకు విప్పునపుడు వెఱవకుండునా? కాలు బెణికిన దుక్కి యాగును. మేపిన దాణా, పడిన శ్రమ వ్యర్థమగును. అయినను విప్పును. ఏలయన ఆ కాడి గెలిచిననాడు ఆయన పేరుతోబాటు ఊరిపేరు కూడ మ్రోగును. అయితే ఆ రైతునకును ఒక న్యాయము చేయవలసి యున్నది. రేపు పందెమనగా నేడు వచ్చి కాడి విప్పుమనిన ఏ రైతు విప్పును? ఎద్దునకు దెబ్బ తగిలిన మాకేమి యను పెద్దమనుష్యుల మాట నెవరు విందురు? ఈ రెండు మాటలును కలిపి చూచినచో క్లబ్బులకును సమాఖ్యకును గల తగవు సగము తేటపడును.

మిగిలిన సగము మఱియొక ప్రశ్నలో నున్నది. క్లబ్బునకు ఆ పిల్లవాడు ఎక్కడినుండి వచ్చెను? క్లబ్బు గోడలలోనుండి మొలిచెనా? ఏదో యొక చిన్న ఊరిలో, పాఠశాల వెనుక గడ్డిలేని మైదానమున, వ్యాయామోపాధ్యాయుడొకడు సాయంకాలములు తన యింటిపని మాని వానిచే బంతి తన్నించెను. వాని తల్లిదండ్రులు పొలమునకు రావలసిన కొడుకును మైదానమునకు పంపిరి. కడప పుట్లంపల్లిలోని క్రీడాపాఠశాల వంటి ప్రభుత్వ సంస్థలు, అనంతపురమున రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి క్రీడాగ్రామము వంటి సేవాసంస్థలు తిండిపెట్టి, బూట్లిచ్చి, ఆట నేర్పుచున్నవి. ఇట్లు పెరిగిన పిల్లవానిని ఎదిగిన వెనుక పట్టణపు క్లబ్బు వచ్చి తీసికొనిపోవుచున్నది. ఆ యుపాధ్యాయుడు నాకిచ్చు ప్రతిఫలమేమని యడుగునా? నా పాఠశాలకు వచ్చే మాసమున పందెమున్నది, వీనిని పంపననునా? కన్నీటితోనో, గర్వముతోనో సాగనంపును. తాను ఊరినుండి ఉచితముగ పొందినదానిని దేశమునకు కొలదివారములు ఇచ్చుటకు క్లబ్బు వెనుదీయుట యే ధర్మము?

ఈ ఋణమును లోకము గుర్తింపకపోలేదు. ఒడంబడిక గడువు తీరకమునుపే ఒక దేశపు క్లబ్బునుండి వేఱొక దేశపు క్లబ్బునకు ఆటగాడు మారినయెడల, చెల్లింపబడు సొమ్ములో నూటికి 5 వంతులు అతనిని 12వ యేటినుండి 23వ యేటివఱకు పెంచిన క్లబ్బులకు పంచవలెనని ఫిఫా నియమించినది. అనగా ఆటగాడు ఏ యొక్కరి సొత్తును కాడని, వానిని పెంచిన చేతులు పెక్కు గలవని ఆ నియమమే యొప్పుకొనుచున్నది. పెంచినవారికి పంపకమున వంతు గలదనుట న్యాయమైనచో, పెంచినవారిలో దేశమును ఒకటియనుట అన్యాయమా?

తెలుగువారికి ఈ విషయమున గర్వింపదగిన చరిత్ర గలదు. హైదరాబాదులో ఉపాధ్యాయవృత్తినుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, 1950 మొదలు 1963లో మరణించువఱకు భారత జట్టునకును శిక్షకుడుగ నుండెను. ఆయన చేతి జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వఱకు వరుసగ ఐదుమార్లు గెలిచినది. ఆ కాలముననే దేశపు జట్టు 1951లో ఢిల్లీలో ఆసియా స్వర్ణమును గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మరల స్వర్ణము తెచ్చెను. క్లబ్బు, దేశము అను రెండు పడవలలో రహీం కాళ్లు పెట్టెను. రెంటిని గూడ దరి చేర్చెను. సికిందరాబాదు దాపున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం మెల్బోర్న్‌నకు బోవునాటికి ఇరువదేండ్లవాడు. జుల్ఫికరుద్దీన్ వయస్సును అంతియే. ఆ ప్రాయమున వారిని ఎవరైన పట్టియుంచియుండిన, మన క్రీడాచరిత్రలో ఆ పుటలు వేఱుగ నుండెడివి. 1974లో బ్యాంకాకున ఇరాన్‌తో సమముగ ఆసియా యువజన విజేతగ నిలిచిన భారత జట్టునకు నాయకుడును హైదరాబాదువాడే, షబ్బీర్ అలీ. ఇరువదేండ్లలోపు పిల్లలకు దేశపు జెండా క్రింద ఆడు అవకాశమెంత మేలు చేయునో చూపుటకు ఇంతకన్న నిదర్శనమేల?

క్లబ్బు గొప్పతనము కూడ దేశమునుండి వచ్చినదే యని మేము చెప్పుటకు మోహన్ బాగాన్ చరిత్రయే సాక్షి. 1911 జూలై 29న కలకత్తాలో ఆ క్లబ్బు ఈస్ట్ యార్క్‌షైర్ సైనికదళపు జట్టును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిననాడు, ఒక్కడు తప్ప తక్కిన ఆటగాండ్రందఱును వట్టి కాళ్లతోనే యాడిరి. అది ఒక క్లబ్బు గెలుపుగ నెవరును ఎంచలేదు. పరతంత్రమైన జాతి తలయెత్తినదని దేశమంతయు నెంచినది. ఆ క్లబ్బే 2025 ఆగస్టులో, మధ్యాసియా దేశముల పోటీకై జరిగిన భారత జట్టు శిబిరమునకు తన ఆటగాండ్రను విడువలేదు. శిబిరము ఫిఫా దినములకు వెలుపల నున్నదను వారి మాట అబద్ధము కాదు. దేశపు శిబిరమున గాయపడిన తమవారిని గూర్చి వారు మొఱపెట్టుకొన్న మాటయు త్రోసివేయదగినది కాదు. అయినను, 1911లో ఏ చట్టమును చూచి దేశము వారిని తన గుండెలకు హత్తుకొన్నదని అడుగవలసి వచ్చుచున్నది.

సమాఖ్యను నిర్దోషియని మేము వదలిపెట్టజాలము. యువకులను క్లబ్బులతో పనిలేకుండ ఒక్కచోట పెంచు ప్రయత్నమును ఆ సమాఖ్యయే చేసినది. 2010లో ఆరంభమై, నడుమ నిలిచి, 2017లో మరల లేచిన ఇండియన్ ఆరోస్ జట్టు అట్టిది. 2017లో మన దేశమున జరిగిన పదునేడేండ్ల లోపువారి ప్రపంచపోటీలో కొలంబియాపై మన ఏకైక గోలు చేసిన జీక్సన్ సింగ్ మొదలగువారు ఆ పోటీ ముగిసిన వెంటనే ఆరోస్ జట్టులో ఆడిరి. 2022లో ఆ జట్టును సమాఖ్య మూసివేసినది. తన నారుమడిని తాను దున్నివేసికొన్న రైతు పొరుగువాని నారుకై చేయిచాపక తప్పదు. చేయిచాపునపుడు మర్యాదయు, ముందుచూపును ఉండవలెను గదా!

కావున సమాఖ్య చేయవలసిన పనులు కొన్ని స్పష్టముగ గలవు. పోటీల కాలము ఆరంభము గాకమునుపే యువజట్ల శిబిరముల తేదీలను ప్రకటించి, వానిని లీగు పట్టికతో సరిపుచ్చవలెను. హాంగ్‌ఝౌ క్రీడల తేదీలు ఏడాది ముందే లోకమునకు తెలిసినవి. ఐనను లీగు ఆరంభము వానిపై బడినది. ఒకే క్లబ్బునుండి ఇంతమందికి మించి పిలువమని మేర నేర్పఱచవలెను. గాయపడిన యువకుని జీతమును, వైద్యమును భరించు భీమా నేర్పఱచవలెను. ప్రధానజట్లకు ఆడుచు గాయపడి 28 దినములకు మించి దూరమైనవారి జీతము విషయమున క్లబ్బులకు పరిహారమిచ్చు పథకమును ఫిఫా 2012 నుండి నడుపుచున్నది. యువకుల శిబిరములకును అట్టి భద్రతను మన సమాఖ్య తన ఖర్చున కల్పించిన, క్లబ్బుల భయములలో పెద్దది తొలగిపోవును.

క్లబ్బులు చేయవలసినది ఒక్కటే. ఇరువదిమూడేండ్ల లోపు యువకునితో వ్రాసికొను ప్రతి యొడంబడికలోను, దేశపు జట్టు పిలిచినపుడు పోవుటకు వానికి హక్కు గలదని ఒక పంక్తి చేర్చవలెను. అప్పుడు పంపుట క్లబ్బు చేయు దానము గాక, యువకుడు పొందు హక్కగును. ఎద్దునకు నోరు లేదు గనుక దాని యజమాని మాట్లాడును. కుఱ్ఱవానికి నోరున్నది, వానిని మాట్లాడనిండు.

మా పాఠకులలో పలువురు భూస్వాములు, పాఠశాలల పోషకులు, పట్టణప్రముఖులు. ఈ తగవు కలకత్తా, గోవా, ఢిల్లీ వారిదని తలపవలదు. 2021-22లో ఐ.ఎస్.ఎల్. విజేతయైన హైదరాబాదు క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయినది. ఇక పెద్ద లీగున ఆడగోరు మన పిల్లలు పరాయి పట్టణములకే పోవలెను. మనము వారిని పంపవలసిన వారమే. జిల్లా జట్టునకో, రాష్ట్రపు శిబిరమునకో పిలుపు వచ్చినపుడు, హాజరు చాలదని ప్రధానోపాధ్యాయుడును, కోతలున్నవని తండ్రియు, మన ఊరి పందెము పోవునని జట్టు పెద్దయు అడ్డుపడుట మన చుట్టుపట్ల లేదా? పెద్ద క్లబ్బు చేసిన తప్పునే చిన్న కొలతతో మనమును చేయుచుండిన, వారిని నిందించుటకు మనకు నోరు రాదు.

ఆటగానికి పందొమ్మిదవ యేడు ఒక్కసారియే వచ్చును. లీగు ప్రతి యేడును వచ్చును. కప్పు పోయిన మఱుసటి యేడు గెలువవచ్చును. దేశపు శిబిరమునకు పోవలసిన వారములు గడచిపోయిన, వానిని ఏ క్లబ్బును తిరిగి తెచ్చియియ్యలేదు. ఊరు క్లబ్బునకు పంపినట్లు, క్లబ్బు దేశమునకు పంపుగాక. పంపినవారి పేరును దేశము మఱువకుండుగాక.