లెక్క తప్పని ఆట

కంప్యూటర్ ఆటల మీద మన హాస్టల్లో రెండు అభిప్రాయాలున్నాయి. ఆడేవాళ్లకు అదే లోకం. ఆడనివాళ్లకు అది చదువును పాడుచేసే జబ్బు. మొన్నమొన్నటిదాకా నేను రెండో గుంపులోనే ఉన్నాను. నా రూమ్మేటు తన పాత కంప్యూటర్లో కార్ల పందెం ఆడుతుంటే "పరీక్షలు పెట్టుకుని ఇదేం పనిరా?" అని సణిగేవాణ్ణి. ఒక ఆదివారం వాడు లేచి నన్నే కుర్చీలో కూర్చోబెట్టాడు. రెండు వారాలు ఆడాక నాకేమనిపించిందో ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లతో, అన్నలతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆట పేరు నాస్కార్ రేసింగ్ 2003 సీజన్. అమెరికాకు చెందిన పాపిరస్ అనే సంస్థ తయారుచేసింది. 2003లో విడుదలైంది. నాస్కార్ అంటే 1948లో అక్కడ మొదలైన స్టాక్ కార్ల పందేల సంస్థ. షోరూంలో ఎవరైనా కొనుక్కోగల మామూలు కారునే స్టాక్ కారు అనేవారు. తర్వాత తర్వాత అవి పందెం కోసమే ప్రత్యేకంగా కట్టే బళ్లయిపోయాయి. పేరు మాత్రం మిగిలింది.

మొదటి రోజు నాకు నవ్వొచ్చింది. గానుగెద్దులా ఒకే చోట ఎడమవైపు తిరగడమేనా, ఇందులో ఏముంది అనుకున్నాను. డేటోనా ట్రాక్ ఎంచుకున్నాను. చుట్టూ రెండున్నర మైళ్లు, అంటే నాలుగు కిలోమీటర్లు. మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీల వాలుతో గోడలా పైకి లేచి ఉంటుంది. కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కుతూ ఒక్క రౌండు కూడా పూర్తి చేయకుండానే గోడకు గుద్దేశాను. రూమ్మేటు పగలబడి నవ్వాడు.

నాలుగైదు రోజులకు సంగతి తెలిసొచ్చింది. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతే వెనక కారుకు దారి తేలికవుతుంది. లారీ వెనకాల సైకిల్ తొక్కినవాడికి ఇది చెప్పక్కర్లేదు. రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి అంటుకుని పోతే, ఒంటరిగా పోయే కారు కంటే రెండూ వేగంగా పోతాయి. నేనే మొనగాణ్ణని వరుసలోంచి పక్కకు వచ్చానా, పదిమంది నన్ను దాటిపోయేవారు. టైర్లలో గాలి ఎంత పెట్టాలో కూడా మనమే చూసుకోవాలి. ఎప్పుడూ ఎడమకే తిరగడం వల్ల బరువంతా కుడి టైర్ల మీద పడుతుంది కాబట్టి వాటికి గాలి ఎక్కువ కావాలి. ఫిజిక్సు పుస్తకంలో బట్టీపట్టిన సంగతులు ఇక్కడ చేతికి తగిలాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఈ ఆటలో లెక్క తప్పదు. 43 కార్లలో నేను ముప్పయ్యెనిమిదో వాణ్ణయితే ముప్పయ్యెనిమిది అనే చూపిస్తుంది. ఎన్ని రౌండ్లు వెనకబడ్డానో అదీ చెబుతుంది. నేను ఎవరి కొడుకునో, ఎక్కడి నుంచి వచ్చానో దానికి అక్కర్లేదు.

ఇంత చిన్న విషయం ఎందుకు నచ్చిందో చెబుతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మండల స్థాయి ఆటల పోటీల్లో మా హాస్టల్ అన్న ఒకాయన 1500 మీటర్లు పరిగెత్తాడు. గ్రౌండు చుట్టూ ఏడున్నర రౌండ్లు. కాళ్లకు బూట్లు లేవు. అందరికంటే ముందు పూర్తి చేసి ఆగాడు. లెక్క రాసుకునే సారు "నీకింకో రౌండుంది, పరిగెత్తు" అన్నారు. అన్న ఏమీ అనకుండా మళ్లీ పరిగెత్తాడు. ఈలోగా రెండోవాడికి మొదటి బహుమతి రాసేశారు.

ఈ ఆట గురించి చదువుతుంటే వెండెల్ స్కాట్ అనే ఆయన సంగతి తెలిసింది. నాస్కార్ పందేల్లో పోటీచేసిన నల్లజాతి డ్రైవరు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అందరికంటే రెండు రౌండ్లు ముందున్నాడు. గెలిచినట్టు ప్రకటించింది మాత్రం బక్ బేకర్ అనే తెల్ల డ్రైవరును. కొన్ని గంటల తర్వాత లెక్కలు మళ్లీ చూసి గెలిచింది స్కాటేనన్నారు. అప్పటికి జనం వెళ్లిపోయారు. ఆ పందెంలో గెలిచినవాడికి ఇచ్చే కప్పు ఆయన బతికుండగా చేతికి రాలేదు. 1990లో చనిపోయాడు. 2015లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2021లో ఆయన కుటుంబానికి కప్పు నమూనా ఇచ్చారు. అంటే 58 ఏళ్లకు! మన పెద్దలకు ఇలాంటి కథలు కొత్త కాదు.

అలాగని కంప్యూటరే న్యాయదేవత అని నేననను. పందెంలో దిగినవాడి రౌండ్లే అది లెక్కపెడుతుంది. గేటు బయట ఆగిపోయినవాడు దానికి కనబడడు. ఇలాంటిదే ఐరేసింగ్ అనే ఆటతో మొదలుపెట్టిన విలియం బైరన్ అనే కుర్రాడు 2024లోనూ 2025లోనూ నిజమైన డేటోనా 500 పందెం గెలిచాడు. కాబట్టి ఆట దండగ అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ కుర్చీలో కూర్చునే అవకాశం ఎంతమందికి ఉందన్న ప్రశ్న అలాగే ఉంది. తమ్ముళ్లు రాత్రంతా ఆడమనీ నేను చెప్పడం లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆరోజు గ్రౌండు చుట్టూ మా హాస్టల్ పిల్లలం నలభైమందిమి నిలబడ్డాం. అన్న ఎన్ని రౌండ్లు పరిగెత్తాడో అందరం వేళ్ల మీద లెక్కపెట్టాం. ఒక్కరం కూడా "సార్, ఆయనది అయిపోయింది" అనలేదు. భయపడ్డాం. తప్పు రాసిన సారు మీద కంటే, నోరు మెదపని నా మీదే నాకు ఇప్పటికీ కోపం. మార్కుల్లో గానీ, స్కాలర్‌షిప్ జాబితాలో గానీ, ఆటల్లో గానీ పక్కవాడి లెక్క తప్పుతుంటే చూసినవాళ్లం చెప్పాలి. నలభైమంది కలిసి చెబితే ఏ సారైనా మళ్లీ లెక్క చూడాల్సిందే.

ఆ అన్న ఈ సంచిక చదువుతాడని ఆశ. అన్నా, నీవి ఏడున్నర రౌండ్లు పూర్తయ్యాయి. నేను లెక్కపెట్టాను.