అప్పగించిన చేతులు ఎవరివి?

2020 మార్చిలో విడుదలైన ‘బ్లడ్‌షాట్’ కరోనా దెబ్బకు థియేటర్లలో నిలవలేదు. పట్టుమని పక్షం రోజులు తిరగకముందే సోనీ సంస్థ దాన్ని ఇంటి తెరలకు మళ్లించింది. ఆ చిత్రాన్ని జనం చాలావరకు మరచిపోయారు. అది లేవనెత్తి, జవాబు చెప్పకుండా జారుకున్న ప్రశ్నను మాత్రం మరవడానికి వీల్లేదు.

విన్ డీజిల్ పోషించిన రే గారిసన్ అమెరికా మెరైన్ సైనికుడు. భార్యను కళ్లెదుటే కాల్చి, అతణ్నీ చంపుతారు. ఒక ప్రైవేటు సంస్థ అతని రక్తంలో సూక్ష్మ యంత్రాలు నింపి బతికిస్తుంది. గాయం తగిలిన క్షణాల్లోనే మానిపోతుంది. లేచిన గారిసన్ హంతకుణ్ని వెతికి చంపుతాడు. ఆ పగే అబద్ధమని తర్వాత తేలుతుంది. సంస్థ అధిపతి డాక్టర్ హార్టింగ్ ప్రతిసారీ అదే హత్యాదృశ్యాన్ని అతని మెదడుకెక్కించి, హంతకుడి ముఖం మాత్రం మార్చి, తన పాత సహచరులను అతనిచేత మట్టుబెట్టిస్తున్నాడు. సైనికుడి దుఃఖాన్నే ట్రిగ్గర్‌గా వాడుకోవచ్చన్న ఈ ఊహ పదునైనది. పోరాటాల సందడిలోనూ అది చెదరలేదు.

ఇంత ఊహించినవారు అసలైన చోట కళ్లు మూసుకున్నారు. గారిసన్ దేహాన్ని తమకు ఇచ్చింది అమెరికా సైన్యమేనని హార్టింగ్ మొదట్లోనే చెబుతాడు. ఏ అధికారంతో ఇచ్చింది? బతికుండగా అతణ్ని ఎవరైనా అడిగారా? చిత్రం మళ్లీ ఆ జోలికి పోదు. చివరికి హార్టింగ్ చస్తాడు, గారిసన్ కొత్త స్నేహితులతో బండెక్కి వెళ్లిపోతాడు. పాపమంతా ఒక్క దుష్ట శాస్త్రవేత్త నెత్తిన పడింది. అప్పగించిన రాజ్యం సాక్షిగానైనా బోనెక్కలేదు.

కాలక్షేపం సినిమాకు ఇంత విచారణ దేనికని కొందరనవచ్చు. 2020 డిసెంబరులో ఫ్రాన్స్ రక్షణ మంత్రి ఫ్లోరెన్స్ పార్లీ, సైనికుల శక్తిని సాంకేతికంగా పెంచే పరిశోధనపై తమ ప్రభుత్వ వైఖరిని వివరిస్తూ, ఐరన్ మ్యాన్ కవచానికి సరే, స్పైడర్ మ్యాన్ తరహా జన్యుమార్పులకు ససేమిరా అన్నారు. ప్రభుత్వాలే తమ విధానాన్ని సూపర్‌హీరోల పేర్లతో ప్రజలకు చెబుతున్నప్పుడు, ఆ కథలు ఎవరిని దోషిగా చూపుతున్నాయి, ఎవరిని వదిలేస్తున్నాయి అన్నది పౌరులు పట్టించుకోవలసిన విషయమే.

చరిత్రలో దోషి ప్రైవేటు డాక్టరు కాడు. 1958లో అమెరికా సైన్యంలోని జేమ్స్ స్టాన్లీ అనే సార్జెంటు, రసాయన దాడుల నుంచి కాపాడే దుస్తుల పరీక్షకని స్వచ్ఛందంగా ముందుకొచ్చాడు. అతనికి తెలియకుండా సైన్యం ఎల్‌ఎస్‌డీ ఇచ్చింది. భ్రమలు చుట్టుముట్టాయి, కాపురం కూలింది. కారణమేమిటో 1975లో సైన్యం రాసిన ఉత్తరంతో గానీ అతనికి తెలియలేదు. దావా వేస్తే, సైనిక సేవలో భాగంగా కలిగిన హానికి నష్టపరిహారం అడిగే వీల్లేదని 1987 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. నాజీ వైద్యుల విచారణలో రూపొందిన న్యూరెంబర్గ్ సూత్రాలను గుర్తుచేస్తూ జస్టిస్ ఓ’కానర్ విభేదించినా ఫలితం మారలేదు. మరుసటి నెలలోనే ‘రోబోకాప్’ విడుదలైంది. చనిపోయిన పోలీసును తన సొత్తుగా లెక్కగట్టిన ఆ చిత్రంలోని దోషి కూడా, కాకతాళీయమే అనుకుందాం, ఒక కంపెనీయే.

సైనికుడు ప్రాణాన్ని పణంగా పెడతానని ఒప్పుకుంటాడు. ఆ ఒప్పందంలో అతని నరాలు, రక్తం, జ్ఞాపకాలు ప్రయోగశాల సరుకైపోవు. ఆదేశాన్ని ధిక్కరిస్తే శిక్ష తప్పని చోట ‘అంగీకారం’ ఎంత స్వేచ్ఛగా ఇచ్చినదో ఎవరికైనా తెలిసిందే. అందుకే అక్కడ రక్షణ మరింత గట్టిగా ఉండాలి. జరిగింది తలకిందులు. గల్ఫ్ యుద్ధానికి ముందు, 1990 డిసెంబరులో, ప్రయోగదశలోని మందులను సైనికుల సమ్మతి లేకుండా ఇచ్చేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే దారి తెరిచింది. నరాలపై పనిచేసే విషవాయువుల నుంచి రక్షణకని పిరిడోస్టిగ్మిన్ మాత్రలు ఆ దారిలోనే సైనికులకు చేరాయి.

దీనిపై విమర్శలు వచ్చాక 1998లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ మినహాయింపును అది రద్దు చేయలేదు, దేశాధ్యక్షుడి చేతికి మాత్రమే పరిమితం చేసింది.