నీలకంఠుని పేర గంజాయి

గంజాయి శివప్రసాదమట! భస్మధారణ ఎరుగని, పంచాక్షరిని ఒక్కమారైనా జపించని యువకుడు సైతం ఈ ఒక్క విషయంలో పరమశివభక్తుడౌతున్నాడు. ఈశ్వరుడు హాలాహలాన్ని లోకరక్షణార్థం స్వీకరించి, ఉదరానికి దిగనీయక కంఠమందే నిలిపినాడు. ఈ నూతనభక్తుడు స్వసుఖార్థం సేవించి, ఆ విషాన్ని కన్నవారి గృహంలో విడుస్తున్నాడు. ఇది ఏ విధమైన శివారాధన?

"నా దేహం, నా ఇష్టం, అన్యులకేమి నష్టం?" అన్నది మరియొక వాదం. శ్రుతికి ఇది సమ్మతం కాదు. ఛాందోగ్యోపనిషత్తు పంచమాధ్యాయం పతితులను గణించునప్పుడు సువర్ణచోరుని ప్రక్కనే సురాపాయిని నిలిపింది; గురుతల్పగుడు, బ్రహ్మఘ్నుడు ఆ వెనుకనే ఉన్నారు. వారితో సహవసించువాడు ఐదవవాడు. మత్తు, చౌర్యం, హత్య ఒకే పంక్తిలో ఎందుకున్నవి? వివేకం నశించినచోట వాటి నడుమ గోడ నిలువదు గనుక. నేడు జరుగుతున్నదీ అదే. మొదట చేతిఖర్చు డబ్బు, పిమ్మట తల్లి నగ తాకట్టు, ఆపై అప్పు. ఆ అప్పు తీర్చుటకై మన్యం నుండి నగరానికి సరుకు చేరవేత. సేవించినవాడే మోసేవాడౌతున్నాడు. సహవాసిని శ్రుతి విడిచిపెట్టకపోవడంలోని ఆంతర్యం ఇక్కడ బోధపడుతుంది.

అట్లని కఠినదండనమే సర్వౌషధమనువారు మౌసలపర్వాన్ని మరచినట్లే. మద్యం చేసినవానికి సబాంధవంగా శూలారోహణమని ద్వారకలో చాటింపు వేయబడింది. భయంచేత కొంతకాలం మానినారు. ప్రభాసతీర్థంలో ఆ యాదవులే మత్తులై, మాటకు మాట పెరిగి, ఎరకతృణంతో పరస్పరం సంహరించుకొన్నారు; అదియూ శ్రీకృష్ణుని సమక్షంలోనే! 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపాన పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని దగ్ధం చేశారు. చేయవలసిన పనియే. కాని తృష్ణ ఆ అగ్నిలో పడలేదు.

1985 నాటి మాదకద్రవ్య చట్టంలోనే మరియొక మార్గమున్నది. స్వల్పపరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు గల చికిత్సాలయంలో చేరి చికిత్స పూర్తిచేస్తే, 64-ఎ విభాగం అతనిని ప్రాసిక్యూషన్ నుండి రక్షిస్తుంది. ఈ మార్గం త్రొక్కనిది ఎవరు? పరువుకు వెరచి కుమారుని గదిలో దాచి, రక్షరేకు కట్టి, గ్రహదోషమని శాంతులు చేయించే సదాచారసంపన్నులే. గంజాయి విషయంలో స్వల్పపరిమాణమంటే ఒక కిలో మాత్రమే. 20 కిలోలకు మించిన సంచి మోసి పట్టుబడినవానికి 64-ఎ వర్తించదు. నేరం రుజువైతే కనిష్ఠశిక్ష పదేండ్ల కఠినకారాగారం.