ఒక్క పిల్ల చుట్టూ జట్టు

పందొమ్మిదేళ్ల పిల్లకు పది లక్షలు. ముప్ఫయ్యారేళ్ల ఆవిడకు రెండు కోట్ల నలభై లక్షలు! 2025 నవంబరు 27న ఢిల్లీలో మహిళా ప్రీమియర్ లీగ్ క్రికెట్ వేలం జరిగినప్పుడు యు.పి. వారియర్స్ అనే ఒకే జట్టు ఈ రెండు ధరలూ పెట్టింది. ఆ పందొమ్మిదేళ్ల పిల్ల మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష. రెండో ఆవిడ ఫాస్ట్ బౌలర్ శిఖా పాండే. ఆమె ఆడింది గోవాకే అయినా పుట్టింది మన రామగుండంలో.

ఈ వార్త చూసి మా వీధిలో ఇద్దరు ముగ్గురం కూచుని చాలాసేపే మాట్లాడుకున్నాం. 'మనుషుల్ని వేలం వెయ్యడమేందమ్మా, కొత్తిమీర కట్టలా?' అంది ఒకావిడ. ఆ మాటా నిజమే. అయితే వేలం వేసేది మనిషిని కాదు, ఒక సీజన్‌లో ఆమె ఆటను. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. చిన్నపిల్ల ఎక్కువ కాలం ఆడుతుంది కదా? మరి డబ్బంతా పెద్దావిడ మీద ఎందుకు పెట్టారు? అసలు ఒక జట్టు కట్టాలంటే ఎవరిని నమ్ముకుని కట్టాలి?

ఇదంతా ఆటల పేజీలో రాయాల్సిన సంగతే అనిపించవచ్చు. కాస్త ఓపిగ్గా చదవండి. చివరికి ఇది మన వంటింటి గడప దాకా వస్తుంది.

అమెరికాలో ఏం చేస్తారు?

చిన్న వయసు తారను ఎంచుకుని ఆమె చుట్టూ జట్టు కట్టడంలో అమెరికా బాస్కెట్‌బాల్ వాళ్లది పెద్ద చెయ్యి. అక్కడ వేలం ఉండదు, 'డ్రాఫ్ట్' అని ఒక పద్ధతి ఉంటుంది. పోయిన ఏడు బాగా ఓడిన జట్లకు, కాలేజీల నుంచి కొత్తగా వచ్చే పిల్లల్లో మంచివాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. వెనకబడ్డ వాడికి ముందు వడ్డించడమన్నమాట. వినడానికి ఎంత న్యాయంగా ఉంది!

అట్లా 2024 ఏప్రిల్‌లో ఇండియానా ఫీవర్ అనే మహిళా జట్టు కైట్లిన్ క్లార్క్ అనే అమ్మాయిని మొట్టమొదటగా ఎంచుకుంది. అంతకు ముందు ఏడాది ఆ జట్టు 40 ఆటల్లో గెలిచింది 13. క్లార్క్ వచ్చిన ఏడు 20 గెలిచింది. ఫీవర్ సొంతూరి ఆటలకు సగటున 17 వేల మంది వచ్చారు. మహిళల లీగ్‌లో అంత జనం అంతకు ముందెన్నడూ లేరు.

మరి ఆ అమ్మాయికి మొదటి ఏడు ఇచ్చిన జీతమెంతో తెలుసా? 76,535 డాలర్లు. అంతకు ఏడాది ముందు, 2023లో, మగవాళ్ల లీగ్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు విక్టర్ వెంబన్యామా అనే ఫ్రాన్సు కుర్రాణ్ని ఇట్లాగే మొదటగా ఎంచుకుంది. అతని మొదటి ఏటి జీతం దాదాపు కోటీ ఇరవై లక్షల డాలర్లు. మగవాళ్ల లీగ్ పాతది, రాబడి ఎక్కువ, ఆటలూ ఎక్కువే. అన్నీ ఒప్పుకుందాం. అయినా నూటయాభై రెట్లకు పైన తేడా అంటే 'ఔరా' అనిపించదూ!

అసలు కథ ఆ తర్వాతిది. 2025లో క్లార్క్‌కు దెబ్బ మీద దెబ్బ తగిలి సీజన్ మొత్తంలో 13 ఆటలే ఆడింది. పిల్ల మంచాన పడితే జట్టూ పడాలి కదా? పడలేదు. కెల్సీ మిచెల్, అలియా బోస్టన్ లాంటి తోటివాళ్లు భుజాన వేసుకుని ఫీవర్‌ను సెమీఫైనల్ దాకా లాక్కొచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో వెంబన్యామాకు భుజంలో రక్తం గడ్డకట్టి ఆ సీజన్‌కు ఆట ఆగిపోయింది. ఇరవై దాటీ దాటని శరీరం మీద ఊరంత ఆశ పెట్టుకున్నాక, ఒక్క నరం చాలు తలకిందులు చెయ్యడానికి.

కాబట్టి పిల్లను ఎంచుకోవడం సగం పనే. ఆమె పక్కన ఎవరిని నిలబెట్టాం, ఆమె లేని రోజున ఎవరు ఆడతారు? తక్కిన సగం పని అక్కడుంది.

ఇద్దరు జంట బ్యాటర్లు

ఇప్పుడు మన త్రిష సంగతికొద్దాం. 2024 డిసెంబరు 15న బెంగళూరులో జరిగిన వేలంలో తమిళనాడుకు చెందిన పదహారేళ్ల కమలినిని ముంబై జట్టు కోటీ అరవై లక్షలకు తీసుకుంది. త్రిషకు ఆ సీజన్‌లో ఏ జట్టులోనూ చోటు దొరకలేదు. సరిగ్గా ఏడు వారాల తర్వాత, 2025 ఫిబ్రవరి 2న, మలేసియాలో 19 ఏళ్ల లోపు అమ్మాయిల ప్రపంచకప్‌ను మన దేశం గెలిచింది. ఆ టోర్నీలో ఇన్నింగ్స్ మొదలుపెట్టిన జంట ఎవరనుకున్నారు? కమలిని, త్రిష! త్రిష మొత్తం 309 పరుగులు చేసి 7 వికెట్లు తీసింది. స్కాట్లండ్ మీద 59 బంతుల్లో 110 కొట్టింది. ఆ ప్రపంచకప్‌లో ఏ దేశపు అమ్మాయీ అంతకు ముందు సెంచరీ చెయ్యలేదు. ఫైనల్లో 3 వికెట్లు, 44 పరుగులు. టోర్నీ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి ఆమే.

కమలినికి ఎక్కువ ఇచ్చారని నాకు కడుపుమంట లేదు. ఆమె ఎడమచేతి వాటం, పైగా వికెట్ కీపింగ్ కూడా చేస్తుంది. జట్టుకు ఏ గుంజ కావాలో ఆ గుంజే కొంటారు. నేననేది ఒకటే. ధర అనేది ఆ రోజు ఆ గదిలో ఉన్న అవసరాన్ని బట్టి పలికేది. అది పిల్ల విలువ కాదు. సిమ్రన్ షేక్‌ను చూడండి. 2024 డిసెంబరు వేలంలో కోటీ తొంభై లక్షలు పలికిన అమ్మాయిని ఏడాది తిరగకుండానే పది లక్షలకు కొన్నారు. ధర చూసి పిల్లను ఆకాశానికెత్తిన చుట్టాలు, ధర తగ్గిన రోజున ఏ మొహం పెట్టుకుని పలకరిస్తారు?

యు.పి. వాళ్ల లెక్క కూడా ఆలోచించదగిందే. 2025 వేలానికి ముందు పాత జట్టులో వాళ్లు అట్టిపెట్టుకుంది ఒక్క శ్వేతా సెహ్రావత్‌నే. భారత జట్టుకు ఇంకా ఆడని అమ్మాయి, 50 లక్షలకు. ఆ తర్వాత పెద్ద డబ్బంతా పెద్దవాళ్ల మీద పెట్టారు. దీప్తి శర్మను మళ్లీ 3 కోట్ల 20 లక్షలకు తెచ్చుకున్నారు. ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ మెగ్ లానింగ్‌ను తెచ్చి కెప్టెన్‌ను చేశారు. శిఖా పాండే సంగతి మొదటే చెప్పాను. లేత తీగను నాటి పక్కన గట్టి పందిరి వేశారన్నమాట. పందిరికే ఖర్చెక్కువ. అయినా అది దండగ కాదు. తీగ పాకాలంటే పందిరి ఉండాలి కదా!

పందిరి లేకుండా పాకిన తీగ మన దగ్గరే ఉంది, మిథాలీ రాజ్. సికింద్రాబాదులో పెరిగిన పిల్ల. 1999 జూన్‌లో పదహారేళ్ల వయసులో మొదటి మ్యాచ్‌లోనే ఐర్లండ్ మీద 114 కొట్టింది. ఇరవై రెండేళ్లకే జట్టును 2005 ప్రపంచకప్ ఫైనల్‌కు తీసుకుపోయింది. అప్పటికి మహిళల క్రికెట్ బోర్డు వేరు, చేతిలో డబ్బు లేదు. 2006లో గాని అది పెద్ద బోర్డులో కలవలేదు. జీతంతో కూడిన కాంట్రాక్టులు వచ్చింది 2015లో. మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తామన్నది 2022 అక్టోబరులో. మిథాలీ రిటైరై అప్పటికి నాలుగు నెలలు! 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన అమ్మాయిలు ఆ కప్పును మైదానంలోనే తెచ్చి ఆమె చేతుల్లో పెట్టినప్పుడు, టీవీ ముందు నా కళ్లు ఊరికే తడవలేదు.

థర్మల్ కాలనీ నుంచి

ఆ కప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. తొమ్మిది మ్యాచుల్లో 14 వికెట్లు. వాళ్ల నాన్న రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టులో ఉద్యోగి, ఆమె చదువుకున్నది ఆ కాలనీ బడిలో. ఈ ముక్క చదివి మా చెల్పూరులో చాలామంది ఉలిక్కిపడ్డాం. మాదీ థర్మల్ ఊరే కదా! కాకతీయ థర్మల్ ప్రాజెక్టు 2010లో 500 మెగావాట్లతో మొదలై, 2016లో ఇంకో 600 కలుపుకుంది. అక్కడిలాగే ఇక్కడా చిమ్నీలు, బూడిద, కాలనీ క్వార్టర్లు, బడి. మరి ఇక్కడి నుంచి ఒక శ్రీచరణి ఎందుకు రాదు?

శ్రీచరణి మొదట ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడింది, పరుగుపందేల్లో పాల్గొంది. క్రికెట్ పట్టింది ఆ తర్వాతే. అంటే ఏ ఆటలో రాణిస్తుందో తెలియకముందే ఆ పిల్లను ఆడనిచ్చిన వాళ్లున్నారు. త్రిష కోసం తండ్రి భద్రాచలం వదిలి సికింద్రాబాదుకు మారాడు, ఉన్న పొలమూ జిమ్మూ అమ్ముకున్నాడని పత్రికల్లో వచ్చింది. గెలిచాక తెలంగాణ ప్రభుత్వం త్రిషకు కోటి రూపాయలు ప్రకటించింది. శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండున్నర కోట్లు, కడపలో వెయ్యి గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. సంతోషమే, చేతులెత్తి దణ్ణం పెడదాం. కానీ లెక్క ఒకసారి చూడండి. గెలిచే దాకా జూదం ఆడింది కుటుంబం. గెలిచాక దండ వేసింది సర్కారు. అదే పొలం అమ్ముకుని గెలవని పిల్లల సంగతి ఏ పేపర్లో వస్తుంది?

మా ఊళ్లో నాకు తెలిసిన ఒక పిల్ల కబడ్డీలో మెరుపు. కూతకొస్తే ఇద్దరు ముగ్గుర్ని ముట్టి గాని తిరిగి పోదు. పదో తరగతి అయిపోయింది, ఆటా అయిపోయింది. 'ఎందుకు మాన్పించినవమ్మా?' అని వాళ్లమ్మనడిగితే, 'ఏం చేస్తదక్కా ఆడి? రేపు అత్తగారింట్ల కబడ్డీ ఆడుతదా?' అంది. నా దగ్గర చప్పున జవాబు లేదు. ఆమె చెడ్డ తల్లి కాదు. సాయంత్రం చీకటి పడ్డాక పిల్ల బస్సు దిగి ఎట్లా నడిచొస్తుందోనని ఆమె భయం. శిక్షణ కావాలంటే హన్మకొండ పోవాలి. రానూపోనూ బస్సులోనే పొద్దు గడిచిపోతుంది. ఛార్జీలు, బూట్లు, గుడ్లు, పాలు, అన్నీ ఖర్చే. కానీ ఆ ఇంట్లోనే పిల్లాడు హన్మకొండ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. వాడి కోసం అప్పు చేశారు. అప్పుడు అర్థమైంది నాకు. జట్టు కట్టడం క్రికెట్ వాళ్లకే కాదు, ప్రతి ఇంటికీ ఉన్న పనే. ఎవరి చుట్టూ కట్టాలో మనం వేలం లేకుండానే, నోరు విప్పకుండానే తేల్చేస్తున్నాం. ఆ పిల్లాడు బాగా చదువుతాడా లేడా అని కూడా చూడం.

మరేం చెయ్యాలి?

ప్రతి తల్లీ పొలం అమ్మి కూతుర్ని క్రికెటర్ చెయ్యమని నేననను. అది అసలే వద్దు. ఒక్క పిల్ల మీద ఇల్లంతా పణం పెడితే, ఆ బరువు మోయలేక పిల్లే కుంగిపోతుంది. ఆట బాధ్యత అయిపోతే ఇక ఆనందమెక్కడిది?

చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎంపిక మండలం స్థాయిలో మొదలై జిల్లాకు, తర్వాత రాష్ట్రానికి పోతుంది. పరుగు, దూకుడు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు లాంటి పరీక్షలుంటాయి. ఎవరి సిఫారసూ అక్కర్లేదు, గడియారమూ టేపూ చెబుతాయి. ఎనిమిదేళ్ల కూతురు గోడలెక్కి దూకుతుంటే 'ఆడపిల్లవేనా నువ్వు' అని అరిచే ముందు, ఈ సంగతి బడి పంతులుగారిని అడగండి.

రెండోది, చదువు మాన్పించవద్దు. మొదట చెప్పిన శిఖా పాండే ఇంజనీరింగ్ చదివి వాయుసేనలో అధికారిగా చేరింది. ముప్ఫయ్యారేళ్లకు వేలంలో ధీమాగా నిలబడగలిగిందంటే, ఆట పోతే అన్నం పోతుందన్న బెంగ లేకపోవడం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

మూడోది మన థర్మల్ వాళ్లనూ సింగరేణి వాళ్లనూ పంచాయతీనీ కలిసి అడగాల్సింది. సాయంత్రం అమ్మాయిలకు లైట్లున్న ఒక మైదానం, మరుగుదొడ్డి, ఆట నేర్పే ఒక టీచరమ్మ, చీకటి పడ్డాక ఇళ్లకు చేర్చే ఒక బండి. రాష్ట్రానికంతా కరెంటు పంపే ఊరు మాది. మా ఆడపిల్లలు ఆడుకునే చోట నాలుగు దీపాలు వెలగలేవా?

కోటి రూపాయల పిల్లను వెతికే పని వేలం పాడేవాళ్లకు వదిలేద్దాం. ఆ కబడ్డీ పిల్ల ఇప్పుడు ఇంటర్‌లో ఉంది, కూత మరిచిపోయి ఉండదు. వాళ్లమ్మకు ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబు ఇప్పుడిస్తాను. అత్తగారింట్లో కబడ్డీ ఆడకపోవచ్చు తల్లీ, కానీ ముగ్గురు చుట్టుముట్టినా గీత దాటి వెనక్కి రావడం ఎట్లాగో దానికి తెలిసి ఉంటుంది.