కాలనీ గేటు దాటి రావాలి

వానాకాలం దగ్గరపడగానే హైదరాబాద్ కాలనీ సంక్షేమ సంఘాల్లో కదలిక మొదలవుతుంది. అధ్యక్ష కార్యదర్శులు లెటర్‌హెడ్ మీద వినతిపత్రం రాయించుకుని మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు బయల్దేరతారు. నాలాలో పూడిక తీయించాలని, మ్యాన్‌హోళ్లకు మూతలు పెట్టించాలని అడుగుతారు. అందినట్టు ముద్ర వేయించుకుని తిరిగి వస్తారు. అదే వారంలో, అదే నాలా గురించి, అవతలి కాలనీ వాళ్లు వేరే వినతిపత్రం ఇచ్చి ఉంటారు. ఈ రెండు సంఘాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఈ పద్ధతికి ఇక స్వస్తి చెప్పాలి. ఒకే నాలా వెంట బతుకుతున్న కాలనీలు, బస్తీలు, అపార్ట్‌మెంట్లు ఒక్క సంఘంగా కూడాలి. వార్డు కమిటీలకు, ఏరియా సభలకు చట్టం ఇచ్చిన అధికారాన్ని ప్రభుత్వం ఆచరణలో పెట్టాలి.

సరూర్‌నగర్ చెరువు ప్రాంతాన్నే తీసుకుందాం. మీర్‌పేట వైపు చెరువులు నిండితే ఆ నీళ్లు కిందికి దిగి సరూర్‌నగర్ చెరువుకు చేరాలి, అక్కడి నుంచి మూసీలో కలవాలి. పెద్దలు కట్టిన గొలుసుకట్టు చెరువుల ఏర్పాటు అది. ఇప్పుడు ఆ దారి పొడవునా ఇళ్లున్నాయి. 2020 అక్టోబర్ 13న మొదలైన వాన మర్నాటి పొద్దుటికల్లా బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటినప్పుడు పైన మీర్‌పేట మిథిలానగర్ మునిగింది, కింద కోదండరాంనగర్ మునిగింది. అప్పటికి మీర్‌పేట వేరే కార్పొరేషన్, సరూర్‌నగర్ గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ). పైవాళ్ల ఫిర్యాదు ఒక ఆఫీసుకు, కిందివాళ్ల ఫిర్యాదు ఇంకో ఆఫీసుకు వెళ్లేది. చెరువు నీటిపారుదల శాఖ చూడాలి, మురుగు గొట్టం జలమండలి చూడాలి. నీళ్లకు మాత్రం ఈ హద్దులేవీ లేవు. పై చెరువు అలుగు పారిన సంగతి కింది కాలనీకి ఇంట్లోకి నీళ్లొచ్చాకే తెలుస్తోందంటే, అది మేఘాల తప్పు కాదు. ఒక్క ఫోన్‌తో చెప్పగలిగిన మనుషులు ఉన్నారు. వాళ్ల మధ్య పరిచయమే లేదు.

పరిచయం లేకపోవడం కన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఒక కాలనీ తన కష్టం గట్టెక్కించుకునే పని పక్క కాలనీ నెత్తిన పడుతోంది. దోమలు, కంపు భరించలేక నాలా మీద స్లాబు వేయించుకుంటారు. ఆ స్లాబు కింద పూడిక తీయడానికి మనిషి దిగలేడు, యంత్రం పట్టదు. చెత్త అక్కడే అడ్డం పడి, నీళ్లు ఎగువ కాలనీలోకి ఎగదన్నుతాయి. ఇంకోచోట రక్షణ గోడ ఒక గట్టునే లేస్తుంది, వరద అవతలి గట్టును కోస్తుంది. సీసీ రోడ్ల సంగతి మరీ ఘోరం. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే కొత్తది పోస్తారు. అలా రెండు మూడుసార్లు పోశాక, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంటి గడప రోడ్డు కన్నా కిందికి దిగిపోతుంది. ఆ రోడ్డు కావాలని పట్టుబట్టి మంజూరు చేయించుకున్నది ఆ కాలనీ సంఘమే. ఎత్తు ఎంతో, నీటి వాలు ఎటో అడిగినవాళ్లు లేరు.

పూడికతీత కూడా అంతే. మే నెలలో యంత్రం వచ్చి నాలాలోంచి నల్లటి బురద, ప్లాస్టిక్ సంచులు, పాత పరుపులు తోడి గట్టున పోస్తుంది. లారీలు వచ్చి ఎత్తుకెళ్లాలి, రావు. మొదటి గట్టి వానకు ఆ కుప్ప సగం తిరిగి నాలాలోకే జారుతుంది. ఎంత తీశారో, ఎంత తరలించారో నాలా పక్కన కాపురముండే వాళ్లకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. కానీ బిల్లు పాసయ్యేటప్పుడు వాళ్లను అడిగేవాళ్లు లేరు. ఒక్కొక్క కాలనీగా అడిగితే ‘మీ పరిధిలో పని పూర్తయింది’ అనే జవాబు వస్తుంది. చెరువు తూము నుంచి మూసీ దాకా ఉన్నవాళ్లంతా కలిసి అడిగితే ఆ జవాబు చెల్లదు.

అయితే సంఘాలు ముందు తమ సభ్యత్వ పుస్తకం తెరిచి చూసుకోవాలి. చాలా కాలనీ సంఘాల్లో ప్లాటు ఓనరుకే సభ్యత్వం, ఓనరుకే ఓటు. కిరాయిదారుకు నెలనెలా మెయింటెనెన్స్ కట్టే బాధ్యత ఉంటుంది, సర్వసభ్య సమావేశంలో నోరు తెరిచే హక్కు ఉండదు. వరద వస్తే ముందుగా మునిగేది కింది వాటా. చాలా ఇళ్లలో ఆ వాటాలో ఉండేది కిరాయిదారే. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, ఫ్రిజ్, స్కూటర్ అన్నీ అతనివే పోతాయి. అసలు ఓనరు వేరే ఊళ్లోనో, అమెరికాలోనో ఉండొచ్చు. నష్టపోయే మనిషిని బయట నిలబెట్టి నష్టం గురించి తీర్మానాలు చేయడం అన్యాయం. ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలోనే నియమావళి సవరించి, కిరాయిదారులకు ఓటుతో కూడిన సభ్యత్వం ఇవ్వాలి.

అంతకన్నా కష్టమైన మాట బస్తీల గురించి. కాలనీ సంఘాలు ఆక్రమణలు అనగానే నాలా గట్టున రేకుల ఇళ్లనే చూపిస్తున్నాయి. పది మీటర్లు మించిన నాలాకు ఇరువైపులా 9 మీటర్లు, పది హెక్టార్లకు తగ్గని చెరువుకు 30 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. ఆ హద్దుల్లోకి జరిగిన ప్రహరీలు, మేడలు, ఫంక్షన్ హాళ్లు లేవా? సంఘం కమిటీలో కూర్చున్న సభ్యుడి గోడే నాలాలోకి వచ్చి ఉంటే ఆ మాట సమావేశంలో ఎత్తాలి, మినిట్స్ పుస్తకంలో రాయాలి. 2024లో చెరువులు, నాలాల ఆక్రమణలను చూసే హైడ్రా ఏర్పడ్డాక ఫిర్యాదులు పెట్టడానికి ఒక చోటు దొరికింది. కానీ పక్కవాడి మీద ఫిర్యాదు పెట్టి తన గోడ దాచుకునే సంఘానికి నైతిక బలం ఉండదు. గట్టున గుడిసె వేసుకున్న కుటుంబానికి ఇల్లు చూపించాకే ఖాళీ చేయించాలని కాలనీ సంఘమే ముందు నిలబడి అడగాలి. అలా అడిగిన రోజే బస్తీ ఆ సంఘాన్ని నమ్ముతుంది.

ఢిల్లీ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2000లో షీలా దీక్షిత్ ప్రభుత్వం ‘భాగీదారీ’ పేరుతో అధికారులను, నివాస సంఘాలను ఒకే బల్ల ముందు కూర్చోబెట్టింది. 2005లో కరెంటు చార్జీల పెంపు మీద అక్కడి సంఘాలు కలిసికట్టుగా కదిలితే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కూడితే ఏం సాధించవచ్చో అది చూపించింది. కానీ భాగీదారీ మొదట్లో మురికివాడలను, అనధికార కాలనీలను బయటే ఉంచింది. అది స్థితిమంతుల వేదికన్న విమర్శ చివరిదాకా పోలేదు. మనం కూడడమనే సగాన్ని మాత్రమే నేర్చుకుని, బస్తీలను బయట ఉంచడానికి వీల్లేదు.

చట్టం అందరినీ లోపలికి రమ్మనే చెప్పింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ నిర్దేశించింది. అది 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. తర్వాత కేంద్ర పట్టణాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కాలంలో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నగర రాజ్ బిల్లు ఏరియా సభలను ముందుకు తెచ్చింది. గ్రామసభలాగే, ఆ ప్రాంతంలో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. ఓనరా, కిరాయిదారా, బస్తీవాసా అని అడగదు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం కూడా వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంది. యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు ఒక్కోటి, 15 మంది చొప్పున. ఇన్ని ఉన్నాయి కదా, మీ వార్డు కమిటీలో ఎవరున్నారో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో ఈ సంపాదకీయం చదువుతున్నవారిలో ఎందరు చెప్పగలరు? కార్పొరేటర్లకు, ఎమ్మెల్యేలకు తమ మాట మీద నడిచే జాబితా ఇష్టం, బడ్జెట్ లెక్క అడిగే సభ ఇష్టం లేదు. అధికారులకు వినతిపత్రం సులువు, జవాబుదారీతనం కష్టం. సంఘాలు ఆ సులువుకు అలవాటుపడ్డాయి. 2020 డిసెంబర్ జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం మంది ఓటర్లు కూడా బూత్‌కు రాలేదని బాధపడిన నాయకులే, వచ్చినవాళ్లకైనా ఆ తర్వాత ఐదేళ్లు మాట చెప్పే చోటు ఎందుకు చూపించలేదో చెప్పాలి.

విజయవాడకూ ఇదే వర్తిస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు పడవల్లో పాలు, నీళ్లు పంచిన చేతుల్లో స్థానిక యువకులవీ ఉన్నాయి. ఆపదలో కూడిన ఆ జట్లు నీళ్లు తీశాక చెదిరిపోకూడదు. బుడమేరు గట్ల పనులు, ఆక్రమణల లెక్క, ముందస్తు హెచ్చరిక ఏర్పాటు మీద నిఘా పెట్టాల్సింది వాళ్లే.

చేయాల్సిన పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఒక ఆదివారం పొద్దున్నే చెరువు తూము దగ్గర కూడి, ప్రతి కాలనీ నుంచి ఇద్దరు, ప్రతి బస్తీ నుంచి ఇద్దరు, అందులో సగం మంది ఆడవాళ్లు, నాలా వెంట మూసీ దాకా నడవాలి. ఇరుకైన చోటు, స్లాబు వేసిన చోటు, గోడ జరిగిన చోటు, మూత లేని మ్యాన్‌హోల్ ఫొటోలతో నమోదు చేయాలి. కాలనీకొక కాగితం మానేసి, అందరి సంతకాలతో ఒకే నివేదిక కమిషనర్‌కు ఇవ్వాలి. ప్రభుత్వం తన వంతుగా ఈ వానలలోపే ప్రతి డివిజన్‌లో ఏరియా సభలు జరిపే తేదీలు ప్రకటించాలి. ఆ సభ ఎంచుకున్న మనుషులు గట్టున నిలబడి చూసి, పూడిక లారీ ఎక్కిందని సంతకం పెట్టేదాకా ఏ కాంట్రాక్టరుకూ బిల్లు చెల్లించకూడదు.